పరుపు ఎవరి కొరకు?



గుంటూరు జిల్లా నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరమునకు ఈ నెల జవాబు వ్రాస్తున్నాను. ఉత్తరము పొడవైనది కనుక సారాంశము మాత్రము చెబుతాను. ఆమె భర్తకు నలభై తొమ్మిదేండ్లు, రెండేండ్లుగా నడుము నొప్పి. అత్తగారికి పక్షవాతము వచ్చి పది నెలలైనది. కుడివైపు పడిపోయి మంచము మీదనే ఉన్నారు. కుమార్తె తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది, ఇంటిలో ఇరవై రోజుల పసిబిడ్డ. చీటీ పాడగా వచ్చిన ఇరవై ఐదు వేల రూపాయలు చేతిలో ఉన్నాయి. "ఇంటిలో ఉన్నవన్నీ పాత దూది పరుపులే. ఒక మంచి పరుపు కొందామనుకొంటున్నాము. నడుము నొప్పికి గట్టి పరుపే మంచిదని అందరూ అంటున్నారు. దుకాణములో ఆర్థోపెడిక్ పరుపు అని ఇరవై నాలుగు వేలకు చూపించారు. కొనమంటారా?" అని ఆమె అడిగారు.

పరుపుల సంగతి పాస్టరును అడగడమేమిటని కొందరికి నవ్వు రావచ్చును. అయితే రోగులను చూడబోయే పనిలో మేము ఇండ్ల లోపలి గదులకు వెళ్లినంతగా పరుపులమ్మేవాడు కూడ వెళ్లడు. ఏ ఇంటిలో ఎవరు దేనిమీద పడుకొంటున్నారో మాకు తెలుసు.

ఆ ఉత్తరములో "ఒక మంచి పరుపు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మంచిది సరే, ఎవరికి మంచిది? ఆ ఇంటిలో ముగ్గురికి మూడు వేరు వేరు పడకలు కావాలి. నడుము నొప్పి ఉన్నవారికి మరీ గట్టిది గాని మరీ మెత్తనిది గాని పనికిరాదు. మంచము పట్టిన పెద్దావిడకు శరీర భారమును ఒకేచోట నిలువనీయని పరుపు కావాలి. పసిబిడ్డకు మెత్తదనమే ప్రమాదము. ఇరవై నాలుగు వేల పరుపైనా, రెండు లక్షల పరుపైనా ఈ ముగ్గురికీ ఒక్కటే సరిపోదు.

మొదట నడుము నొప్పి మాట. గట్టి బల్లమీద పడుకొంటే నడుము బాగుపడుతుందని మన పెద్దలు చెప్పారు, ఒకప్పుడు వైద్యులు కూడ చెప్పారు. దానికి కారణము లేకపోలేదు. ఆనాడు ఇంటింటా నులక మంచాలు, నవారు మంచాలు. నులక వదులై మంచము ఉయ్యాలవలె క్రిందికి దిగితే, అందులో రాత్రంతా వంగి పడుకొన్న మనిషికి బల్ల నిజముగానే మేలు చేసేది. కాని వదులు మంచము కంటె బల్ల మేలైనంత మాత్రాన అన్నిటికంటె బల్లే మేలని కాదు. 2003లో స్పెయిన్ దేశములో చాలా కాలముగా నడుము నొప్పితో ఉన్న 313 మందిని పరీక్షించారు. కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకపు పరుపు వేసారు. ఎవరికి ఏది వేసారో వారికి చెప్పలేదు. తొంభై రోజుల తరువాత చూస్తే మధ్యరకపు పరుపు మీద పడుకొన్నవారికే నొప్పి ఎక్కువగా తగ్గింది. పడుకొన్నప్పుడు, లేచేటప్పుడు కూడ వారికే సుఖముగా ఉన్నది. ఆ ఫలితములు లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో అదే సంవత్సరము వచ్చాయి.

కారణము ఆలోచిస్తే సులభముగానే తెలుస్తుంది. మన వీపు బల్లవలె చదునుగా లేదు గదా. భుజాలు, పిరుదులు ఉబ్బెత్తుగా ఉంటాయి, నడుము లోనికి ఉంటుంది. బల్లమీద వెల్లకిలా పడుకొంటే భుజాలు, పిరుదులు ఆనుకొంటాయి గాని నడుము గాలిలో వ్రేలాడుతుంది. రాత్రంతా నడుము కండరాలు బిగుసుకొని ఉంటాయి. మరీ మెత్తని పరుపు మీదనైతే బరువైన పిరుదులు లోపలికి కూరుకొనిపోయి వెన్ను విల్లువలె వంగుతుంది. దుకాణములో పరుపు మీద వెల్లకిలా పడుకొని నడుము క్రిందికి చేయి జొనిపి చూడండి. చేయి ఏ అడ్డూ లేకుండ ఇటునుండి అటు పోతే ఆ పరుపు మీకు గట్టిది. చేయి దూరనే దూరకపోతే మెత్తనిది. కొంచెము ఒత్తుకొంటూ దూరితే సరిపోయినట్లే. ప్రక్కకు తిరిగి పడుకొనే అలవాటున్నవారు ప్రక్కకు తిరిగే చూడాలి. వారికి భుజము కొంచెము దిగే పాటి మెత్తదనము అవసరము. బోర్లా పడుకొనేవారికి కొంచెము గట్టిదే నయము. బరువైన మనిషికి సరిపోయిన పరుపు బక్కపలుచని మనిషికి బల్లవలె ఉంటుంది, కనుక భార్యాభర్తలిద్దరు వెళ్లి ఇద్దరూ పడుకొని చూడాలి. చెప్పులు విడిచి, పది పదిహేను నిమిషాలు. సిగ్గుపడవద్దు. వేలితో నొక్కి, ఒకసారి అంచుమీద కూర్చొని లేచి పరుపు కొనేవారే ఎక్కువ.

ఇక ఆర్థోపెడిక్ అన్న మాట. పరుపు మీద ఆ మాట అచ్చు వేసినంత మాత్రాన ఎముకల వైద్యుడు పరీక్షించి సెలవిచ్చాడని అర్థము కాదు. చాలా దుకాణాలలో దాని అర్థము "గట్టిది" అనే. కనుక ఆ మాటకు ప్రత్యేకముగా డబ్బు కట్టనక్కరలేదు. మీ వారికి నొప్పి కాలిలోనికి దిగుతుంటే, కాలు తిమ్మిరెక్కుతుంటే, మల మూత్రాల మీద పట్టు తప్పుతుంటే అది పరుపుతో పోయే నొప్పి కాదు, వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

పరుపు లోపల ఏముందో తెలియకుండ బేరమాడలేము కనుక అదీ చెబుతాను. పత్తి దూది పరుపు మనకు తరతరాలుగా తెలుసు. గాలి ఆడుతుంది, వేసవిలో హాయి. కాని చెమటను పీల్చి ముద్దలు కడుతుంది. ఏటేటా ఎండలో వేయాలి, కొన్నేండ్లకొకసారి విప్పి ఏకించాలి. పూర్వము దూది ఏకేవారు విల్లు భుజాన వేసికొని వీధి వెంట వచ్చేవారు, ఆ తంత్రి మ్రోత వినగానే ఇంటివారు పరుపులు బయటికి తెచ్చేవారు. ఇప్పుడా మ్రోత అరుదైపోయింది, యంత్రముతో ఏకే దుకాణాలు పట్టణాలలో ఇంకా ఉన్నాయి. బూరుగు దూది తేలికగా, మెత్తగా ఉంటుంది, నీరు త్వరగా పట్టదు. అయితే కొంత కాలానికి అణగిపోతుంది. దిండ్లకు అది శ్రేష్ఠము, బరువైన మనిషి పరుపుకు అంత కాదు.

కొబ్బరి పీచు పరుపు అంటే పీచును మెలివేసి, విడదీసి, దానిమీద రబ్బరు పాలు చల్లి, అచ్చులో ఒత్తి వేడిచేసి తయారు చేసినది. మన ప్రాంతాలలో చాలా కాలము కర్లాన్ అంటేనే పరుపు, పరుపంటేనే కర్లాన్ అన్నట్లుండేది. గాలి బాగా ఆడుతుంది, చెమట నిలువదు, ధర అందుబాటులో ఉంటుంది. గట్టిగా ఉంటుంది కనుక చాలామందికి దాని పైన ఒక అంగుళమో రెండంగుళాలో మెత్తని పొర ఉన్న రకము సుఖము. కొన్నేండ్లకు పడుకొన్న చోట గుంట పడడము దీనికున్న లోపము.

ఫోమ్ పరుపులలో మోసము ఎక్కువ, కనుక ఒక మాట గుర్తుంచుకోండి: డెన్సిటీ. ఒక ఘనపు మీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందన్నదే డెన్సిటీ. 32 అంటే ముప్పది రెండు కిలోలు. అంతకు బాగా తక్కువైనది రైలు ప్రయాణపు మెత్తకు సరిపోతుందేమో గాని రోజూ పెద్దవారు పడుకొంటే త్వరలోనే క్రుంగిపోతుంది. డెన్సిటీ వేరు, గట్టిదనము వేరు. మెత్తని ఫోము కూడ మంచి డెన్సిటీతో ఉండవచ్చును. దుకాణదారుని "డెన్సిటీ ఎంత?" అని అడిగి, ఆ అంకె బిల్లు మీద వ్రాయించుకోండి. వ్రాయనంటే లేచి రండి. మెమరీ ఫోము అనేది 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వారి కొరకు విమానపు సీట్ల మెత్తలుగా చేసిన పదార్థము నుండి వచ్చినది. ఒంటి వేడికి మెత్తబడి ఒంటి ఆకారము తీసికొంటుంది. చల్లని దేశాలలో బాగుంటుంది. మే నెలలో మన కోస్తా జిల్లాలలో కరెంటు పోయిన రాత్రి దానిమీద పడుకొన్నవారిని అడిగితే సంగతి చెబుతారు. పైగా అందులో కూరుకొన్న వృద్ధులు ప్రక్కకు తిరగడానికే కష్టపడతారు.

స్ప్రింగు పరుపులు రెండు విధాలు. స్ప్రింగులన్నీ ఒకదానితో ఒకటి కట్టి ఉన్నదానిలో ఒకరు కదిలితే రెండవవారు ఊగుతారు. ఒక్కొక్క స్ప్రింగును విడిగా గుడ్డ సంచిలో కుట్టినది పాకెట్ స్ప్రింగు. దానిలో ఒకరు లేచినా రెండవవారికి నిద్ర చెడదు, కాని ధర ఎక్కువ. రబ్బరు పాలతోనే చేసిన లేటెక్స్ పరుపు చాలా కాలము మన్నుతుంది, కాని బరువు, ఖరీదు. రబ్బరు పడనివారు కొందరుంటారు, వారు దూరముగా ఉండాలి.

ఏ పరుపైనా దాని క్రింద మంచము చదునుగా ఉండాలి. నవారు మంచము మీద ఖరీదైన ఫోము వేస్తే అదీ నవారుతో పాటే క్రుంగుతుంది. మంచము పట్టెల మీద అరంగుళపు ప్లైవుడ్డు పలక వేసి, గాలికి అక్కడక్కడ రంధ్రాలు తొలిపించండి. పాత పరుపు గుంటలు పడిందని విసుగుకొనేవారు ముందు దానిని నేలమీద వేసి రెండు రాత్రులు పడుకొని చూడాలి. నేలమీద సుఖముగా ఉంటే లోపము మంచానిది. వేల రూపాయలు మిగులుతాయి.

ఇప్పుడు మీ అత్తగారి మాట. ఉత్తరములో ఆమెను గూర్చి ఒక్క వాక్యమే వ్రాసారు, పరుపు ప్రశ్న మీ వారిని గూర్చి. సహోదరీ, నాకు మీ వారికంటె ఆమెను గూర్చియే ఆందోళన. నడుము నొప్పి ఉన్న మనిషి రాత్రి పదిసార్లు ప్రక్కకు తిరుగుతాడు. పక్షవాతము వచ్చిన మనిషి తిరగలేదు. ఎముక ఉబ్బెత్తుగా ఉన్న చోట, అనగా మడమలు, తుంటి ఎముకలు, పిరుదుల పైన వెన్ను అడుగు భాగము, భుజపు రెక్కలు, ఈ చోట్ల చర్మము పరుపుకూ ఎముకకూ నడుమ నలిగి, రక్తము అందక చచ్చిపోతుంది. వాటినే బెడ్‌సోర్లు, పడక పుండ్లు అంటాము. అవి పైకి రూపాయి బిళ్లంత కనిపించి లోపల గుంటగా ఉంటాయి. మానడానికి నెలలు పడుతుంది. చీము పట్టి ఆ విషము రక్తములో కలిస్తే ప్రాణమే పోవచ్చును. రోగముతో కాక పడక పుండుతో పోయినవారిని నేను చూచాను. ముద్దలు కట్టిన పాత దూది పరుపు, దానిమీద రెక్సిను గుడ్డ, రెక్సిను క్రింద చెమట. చాలా ఇండ్లలో మంచము పట్టినవారి పడక ఇదే.

ఆమెకు కావలసినది గాలి పరుపు. సర్జికల్ షాపులలో దొరుకుతుంది. కొన్ని ఊళ్లలో అద్దెకు కూడ ఇస్తారు. ఇందులో వరుసలుగా గాలి గదులుంటాయి. ఒక చిన్న మోటారు కొన్ని నిమిషాలకొకసారి ఒక వరుసలో గాలి నింపి రెండవ వరుసలో తగ్గిస్తుంది. కనుక ఒత్తిడి ఒకేచోట నిలువదు. దీనిని ఇప్పుడున్న పరుపు మీదనే పరచవచ్చును, కొత్త పరుపు అక్కరలేదు. ధర మీరు చూచిన ఆర్థోపెడిక్ పరుపులో కొద్ది భాగమే. పైన ఒక్క పలుచని నూలు దుప్పటి తప్ప మరేమీ వేయవద్దు. నాలుగు మడతల బొంత పరిస్తే దాని పని అది చేయలేదు. ఆమె పిరుదుల సూటిగా గాలి పరుపు క్రిందికి అరచేయి జొనిపి చూడండి. ఎముక చేతికి తగిలితే గాలి చాలదన్నమాట. కరెంటు పోతే మోటారు ఆగుతుంది. ఇన్వర్టరుంటే దానికి కలపండి, లేకపోతే ఆ సమయములో చేతులతో తిప్పడము మానవద్దు.

గాలి పరుపు వచ్చినా రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలసిందే. పూర్తిగా ప్రక్కకు త్రిప్పి తుంటి ఎముక మీద పడుకోబెట్టకుండ, వీపు వెనుక దిండు పెట్టి ఓరగా పడుకోబెట్టండి. పిక్కల క్రింద దిండు పెట్టి మడమలు పరుపును తాకకుండ చేయండి. కొందరు పిరుదుల క్రింద గుండ్రని రబ్బరు ట్యూబు పెడతారు. అది చుట్టూ ఒత్తి మధ్యకు రక్తము రానీయదు, పెట్టవద్దు. స్నానము చేయించేటప్పుడు ఆ చోట్లన్నీ వెలుతురులో చూడండి. ఎఱ్ఱబడిన చోటగాని, చామనఛాయ ఒంటిలో చుట్టుప్రక్కల కంటె నల్లబడిన చోటగాని వేలితో నొక్కి వదిలినా రంగు మారకపోతే పుండు మొదలైనదన్నమాట. అక్కడ నూనె పెట్టి రుద్దవద్దు, ఆ చోటిమీద మరల పడుకోనీయవద్దు, వైద్యునికి చూపించండి. మధుమేహము కూడ ఉంటే ఒక్కరోజు కూడ ఆలస్యము చేయవద్దు.

పసిబిడ్డ విషయము క్లుప్తముగా చెబుతాను. కాని తల్లికి చదివి వినిపించండి. ఏడాది నిండే వరకు బిడ్డను చదునైన, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. నొక్కితే గుంట పడి నిలిచిపోయే పరుపు పనికిరాదు. మెత్తలో ముఖము కూరుకొంటే ప్రక్కకు త్రిప్పుకొనే శక్తి ఆ వయస్సు బిడ్డకు లేదు. అమెరికాలో 1994లో పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టండని దేశమంతటా ప్రచారము చేసిన తరువాత, నిద్రలోనే కారణము తెలియక చనిపోయే శిశువుల సంఖ్య కొద్ది సంవత్సరాలలో సుమారు సగానికి తగ్గింది. తల గుండ్రముగా రావాలని ఆవాల దిండు పెడతారు. నిద్రించే బిడ్డ ప్రక్కన దిండ్లు, బొంతలు, బొమ్మలు ఏవీ వద్దు. తల ఆకారము కొరకు మెలకువగా ఉన్నప్పుడు, మీరు దగ్గర కూర్చొని కొంతసేపు బోర్లా వేయండి చాలును. తల్లి గదిలోనే, తల్లి మంచము ప్రక్కనే, వేరు పడక మీద పడుకోబెట్టడము అన్నిటికంటె క్షేమము. మంచమునకు గోడకు నడుమ సందు లేకుండ చూచుకోండి.

కనుక ఇరవై ఐదు వేలు ఎలా ఖర్చు చేయాలి? నా అభిప్రాయము ఇది. మొదట గాలి పరుపు, ఈ వారములోనే. ఇద్దరిని పరీక్షకు పంపి సోమవారము పోదాము, జీతాలు రానీ అనకండి. తరువాత బిడ్డకు చిన్న గట్టి పరుపు. ఇంటిలోని పాత దూదిని ఏకించి పలుచగా, గట్టిగా కుట్టించినా సరే. మిగిలిన దానిలో మీ ఇద్దరికి మధ్యరకపు పరుపు, పైన మెత్తని పొర ఉన్న కొబ్బరి పీచుదో, మంచి డెన్సిటీ ఫోముదో తీసికోండి. ఇరవై నాలుగు వేలది అక్కరలేదు. పెండ్లి సారెలో పరుపు చూచినవారు ధర అడుగుతారు గాని, మన పడకగదిలోనికి ఎవరు వస్తారు? ఒక ఇంటిలో ఖరీదైన పరుపుకు కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఏడాది దాటినా తీయలేదు. మాసిపోతుందట. ఆ కవరు మీద చెమటకు తాళలేక ఇంటి యజమాని చాప వేసికొని నేలమీద పడుకొంటున్నాడు.

కొనబోయే ముందు మంచము లోపలి కొలత టేపుతో కొలవండి. డెబ్బది రెండు, డెబ్బది ఐదు, డెబ్బది ఎనిమిది అంగుళాల పొడవులలో వస్తాయి. ఇంటిలో పొడవైన మనిషి ఎత్తుకంటె కనీసము అరడుగు ఎక్కువ ఉండాలి. మందము ఎంత ఎక్కువైతే అంత గొప్ప అనుకోవద్దు. మంచము, పరుపు కలిసిన ఎత్తు అంచుమీద కూర్చొన్నప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆనే పాటి ఉండాలి. అంతకు మించితే మోకాళ్ల నొప్పులున్నవారు రాత్రి లేవడములో పడిపోతారు. గ్యారంటీ కాగితములో ఎన్ని సంవత్సరములని కాక, ఎంత లోతు గుంట పడితే మార్చి ఇస్తారన్నది చదవండి. మరక పడితే గ్యారంటీ చెల్లదని చాలా కంపెనీలు వ్రాస్తాయి, కనుక మొదటి రోజే గుడ్డ కవరు తొడగండి. ఇప్పుడు ఇంటర్నెట్టులో అమ్మే కంపెనీలు పరుపును చుట్టి అట్టపెట్టెలో పంపి, వంద రాత్రులు వాడి నచ్చకపోతే తిరిగి తీసికొంటామంటున్నాయి. దుకాణములో పది నిమిషాలకంటె అది మేలే. అయితే తిరిగి పంపే ఖర్చు ఎవరిదో, మీ ఊరికి వచ్చి తీసికొంటారో లేదో ముందే అడగాలి.

దూది పరుపుకు ఎండ మంచిది, ఫోముకు కాదు. తీవ్రమైన ఎండకు ఫోము పసుపుపచ్చబారి పొడి పొడిగా రాలుతుంది, నీడలో గాలికి ఆరవేయండి. స్ప్రింగు పరుపును మడవవద్దు. మూడు నెలలకొకసారి తల వైపు కాళ్ల వైపుకు మార్చండి. ఇంటిలో ఆయాసము, ఉబ్బసము ఉన్నవారుంటే దుప్పట్లు, దిండు గలేబులు వారానికొకసారి బాగా వేడి నీళ్లలో ఉతకాలి. పరుపులో చేరే కంటికి కనబడని దుమ్ము పురుగులకు అదే మందు. చౌకగా వచ్చిందని వాడిన పరుపు కొంటే నల్లులు కూడ దానితోనే వస్తాయి.

కొత్త పరుపు రాగానే పాతది సాధారణముగా వసారాలోని ముసలివారి మంచము మీదికి చేరుతుంది. మనకు గుంట పడినదని తీసివేసినది వారి ఎముకలకు ఎలా పనికివస్తుంది? దూదిదైతే ఏకించి కొత్త గుడ్డలో కుట్టించి ఇవ్వండి. క్రుంగిన ఫోమైతే కోసి కుర్చీ మెత్తలకు, సామాన్లు కట్టడానికి వాడుకోండి, ఎవరి పడకగాను వేయవద్దు.